ఎర్ర చుక్క బంతి

సూరత్ శివారు ఉన్‌లో ముత్యం ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. మా తెలుగు గల్లీల్లోనే ఆ పేరు వాళ్లు నలుగురున్నారు. 'అతికే ముత్యం' అనండి, టీ బండి ఆయన కూడా వేలు చాపి చూపిస్తాడు.

అతకడమంటే ఏమిటో చెబుతాను. సాంచా మీద, అంటే మరమగ్గం మీద, పడుగు దారం చుట్టిన బీము ఒకటి అయిపోగానే కొత్త బీము ఎక్కిస్తారు. పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటీ కలపాలి. నాలుగు వేల పోగులుంటాయి, ఒక్కోసారి ఐదు వేలు. బొటనవేలూ చూపుడువేలూ నాలుక మీద తడి చేసుకోవడం, రెండు కొసలూ పట్టి ఒక్క తిప్పు తిప్పడం, వదిలేయడం. మళ్లీ నాలుక, మళ్లీ తిప్పు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో సూరత్ వచ్చిన ముత్యం, ముప్పై ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాడు.

"మా ఆయన ఏళ్లు ఎప్పుడన్న ఊకుంటయా? పండుకున్నంక దుప్పటి కొసలు గూడ అతుకుతడు" అని భార్య వినోద నలుగురిలో చెప్పి నవ్విస్తుంది. ముత్యం కూడా నవ్వేవాడు. ఇప్పుడు ఆ మాటకు నవ్వడు.

అతనికి ఆట ఎలా అబ్బిందో ముందు చెప్పాలి. లాక్‌డౌన్ పెట్టగానే ఉన్‌లో సాంచాలన్నీ ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్శబ్దం ఎవరూ వినలేదు. ఊరికి పోదామంటే బండ్లు లేవు. ఒంటరి మగవాళ్లు ఒక్కో గదిలో పదేసి మంది ఉండేవాళ్లు, వాళ్లకు వండుకునే దిక్కు లేదు. అందుకని పద్మశాలి సంఘం హాలులో పొయ్యి పెట్టి ఖిచిడీ వండటం మొదలుపెట్టారు. ముత్యం కూరగాయలు కోసే పనికి కూర్చున్నాడు. హాలు మూలన ఒక పెద్ద ఆకుపచ్చ బల్ల ఉంది. ఏదో మిల్లు మూసేసినప్పుడు ఎవరో తెచ్చి పడేశారట. దాని మీద ఉల్లిగడ్డలు పోసి కోస్తున్నాడు.

"అరేయ్! ఎవడ్రా దీని మీద ఉల్లిగడ్డలు కోస్తున్నది?"

అరిచింది రాజనర్సు. అరవై ఆరేళ్ల మనిషి, హాలు పక్క ఇల్లే ఆయనది.

"బల్ల మీద గాక మరి నెత్తి మీద కోస్తమా కాకా?" అన్నాడు ముత్యం.

"గిది బల్లనా? టీటీ టేబుల్ గదరా! దీని మీద కత్తి పెట్టినవంటే నా వీపు మీద పెట్టినట్టే!"

నిజంగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ అది ఉల్లిగడ్డల ఘాటు అనుకున్నారు. తర్వాత తెలిసింది. రాజనర్సు పనిచేసిన మిల్లులో కూలీల కోసం ఒక క్లబ్బుండేది. షిఫ్టు దిగాక ఈయన అక్కడే పడి ఉండేవాడు. వరసగా మూడేళ్లు మిల్లు మొత్తానికి మొదటి బహుమతి కొట్టాడు. ఆ బహుమతి ఏమిటని అడిగితే ఆయన భార్య నర్సవ్వ ఇంట్లోంచే చెప్పేది: "స్టీలు బకెట్! దాంట్లనే ఇంకా నీళ్లు వడ్తున్న!"

బల్లకు ఒక మూల అప్పటికే కత్తి గాట్లు పడిపోయాయి. దానికి 'ఉల్లిగడ్డల మూల' అని పేరు స్థిరపడింది. బంతి అక్కడ పడితే ఎటు పోతుందో దేవుడికి కూడా తెలియదు.

జూన్‌లో సాంచాలు మెల్లగా తిరగడం మొదలయ్యాయి. సగం షెడ్లు ఇంకా మూసే ఉన్నాయి. ముత్యానికి వారంలో రెండు మూడు బీములకు మించి పిలుపు రాలేదు. పొద్దున్నే ఇంట్లో కూర్చోలేక హాలు వైపు వెళితే, రాజనర్సు ఒక్కడే సబ్బునీళ్లతో ఆ బల్ల రుద్దుతున్నాడు.

"ఉల్లిగడ్డలు కోసిన పాపం నీది. అటు దిక్కు పోయి నిలవడు" అన్నాడు, చేతిలో బ్యాట్ పెట్టి.

నలభై ఆరేళ్ల వయసులో ముత్యం టేబుల్ టెన్నిస్ అలా మొదలుపెట్టాడు.

మొదటి నెలంతా బల్ల మీద ఆడించనే లేదు. బ్యాట్ మీద బంతిని వంద సార్లు ఎగరేయాలి, కింద పడితే మళ్లీ ఒకటి నుంచి. ముత్యం బ్యాట్‌ను బీము పట్టినట్టు పిడికిలి బిగించి పట్టేవాడు. "గంత గట్టిగెందుకురా? అదేమన్న పారిపోతదా? పిట్టను వట్టినట్టు వట్టు" అనేవాడు రాజనర్సు. తర్వాత కాళ్ల పని. నేల మీద సుద్దతో రెండు గీతలు గీసి, మడమలు ఆనించకుండా ఆ గీత నుంచి ఈ గీతకు పక్కకు జరగమన్నాడు. రోజంతా బీము ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునే మనిషికి అది నరకం. రాత్రి వినోద పిక్కలకు నూనె రాస్తూ, "ఈ వయసుల నీకీ గంతులేందయ్యా?" అనేది. అయినా పొద్దున ఏడింటికల్లా మళ్లీ హాజరు.

చూపు నేర్పడానికి రాజనర్సుకు సాంచా మాట అక్కరకొచ్చింది. ముత్యం కళ్లు బంతి వెంట అటూ ఇటూ పరుగెత్తేవి, చెయ్యి ఎప్పుడూ ఆలస్యమే.

"బంతి మీద గాదురా సూపు! నా బ్యాట్ మీద పెట్టు. సాంచా నడిచేటప్పుడు అటిటు ఉరికే నాడె ఎంబడి సూస్తవా? కండ్లు తిరిగి పడ్తవ్. పోగు ఏడ తెగుతదో ఆడ సూస్తవ్. గిదీ గంతే. నా బ్యాట్ ఎట్ల తిరిగిందో సూస్తే, బంతి ఏడికొస్తదో అదే చెప్తది."

ఆ ఒక్క మాటతో ముత్యానికి సగం ఆట తెలిసిపోయింది.

ఇద్దరికీ చెవులు సగమే పనిచేస్తాయి. ముప్పై ఏళ్లు సాంచాల మధ్య బతికిన ఎవరి చెవులైనా అంతే. అందుకని స్కోరు అరిచి చెప్పుకునేవాళ్లు. నర్సవ్వ హాలు గడపలో కూర్చుని నవ్వేది. ఆమెకు ఆయాసం జబ్బు, నోట్లో కొట్టుకునే పంపు ఎప్పుడూ కొంగున ముడివేసి ఉండేది. "ఇద్దరు చెవిటోళ్ల ఆట! మీ స్కోరు సచిన్ రైలు స్టేషన్ దాక ఇనవడ్తుంది" అనేది. హాలు తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. ఉత్త చేతులతో వచ్చేది కాదు. సర్వపిండి ముక్కో, రెండు మురుకులో ముత్యం కోసం ఆకులో చుట్టి తెచ్చేది.

ఇక సర్వీసు. ఇక్కడే ముత్యం వేళ్లు పని చూపించాయి. మొదటిసారి సర్వీసు వేయమనగానే, రెండు వేళ్లు నాలుక మీద అద్దుకుని, బంతిని చిటికెతో తిప్పి వదిలి బ్యాట్ ఆనించాడు. బంతి నెట్టు దాటి పడి, బొంగరంలా గిర్రున తిరిగి పక్కకు దూకింది. రాజనర్సు బ్యాట్ గాలిలో ఊగింది.

"ఎట్లున్నది కాకా!"

"ఫౌల్."

"ఎట్ల ఫౌలు? బంతి తిరిగింది గద!"

"తిరిగింది నీ ఏళ్లతోని, బ్యాట్‌తోని గాదు. అరచెయ్యి సాపుగ తెరువు. బంతిని దాని మీద పెట్టు. ఎదుటోనికి మంచిగ కనవడాలె. జానెడు పైకెయ్యి. దిగేటప్పుడు బ్యాట్‌తోని దాని కింద కొయ్యి, పొట్టు దీసినట్టు. ఇంకో మాట, నాలుక మీదికి ఏలు ఎందుకు పోతందిరా? బంతిని గూడ అతుకుతవా?"

ముత్యం సిగ్గుపడ్డాడు. వేలు నాలుక మీదికి పోతున్న సంగతే అతనికి తెలియదు. చెప్పాక కూడా ఆగలేదు. సర్వీసు అనగానే చెయ్యి తనంతట తాను నోటికి పోయేది.

గడపలో కూర్చున్న నర్సవ్వకు అది నచ్చలేదు. బయట రోగం తిరుగుతోంది. తన ఊపిరి సంగతి తనకు తెలుసు. ఒకరోజు మనవరాలు మరిచిపోయిన గోళ్ల రంగు తెచ్చి, ఒక బంతి మీద ఎర్రగా చుక్క పెట్టింది.

"ఈ చుక్క బంతి మీ కాకది. వట్టిది నీది ముత్యం. ఎవల బంతితోని వాళ్లే సర్వీసు. ఎదుటోల్ల బంతి మీ దిక్కొస్తే బ్యాట్‌తోనే నూకాలె, చేతితోని ముట్టొద్దు. మాటినకుంటే తాళంచెవి ఇయ్య."

"గట్లనే చిన్నవ్వా" అన్నాడు ముత్యం. ఆ మాట ఎన్నిసార్లు గుర్తొస్తుందో అప్పుడు అతనికి తెలియదు.

కోత సర్వీసు నేర్చుకోవడానికి ఏడు నెలలు పట్టింది. మొదట బల్ల మీద కాదు, నేల మీద. బంతి ముందుకు పోయి, ఆగి, మళ్లీ తన కాళ్ల దగ్గరికి తిరిగి రావాలి. వంద వేస్తే రెండు వచ్చేవి. తర్వాత పది. షెడ్డులో అతుకుతూ కూడా కుడి మణికట్టును లోపలికి మడిచి చూసుకునేవాడు. 2021 ఏప్రిల్‌లో, ఉగాదికి నాలుగు రోజుల ముందు, ఒక పొద్దున అది కుదిరింది. అరచెయ్యి తెరిచి, జానెడు పైకి వేసి, కింద కోశాడు. బంతి అవతల పడి, ఆలోచించుకున్నట్టు ఆగి, నెట్టు వైపు వెనక్కి దొర్లింది. రాజనర్సు వంగి అందుకోబోతే బల్ల అంచు కడుపుకు గుద్దుకుంది.

ఆ రోజు ముత్యం మొదటిసారి గేమ్ గెలిచాడు. పదకొండు, తొమ్మిది.

"ఓడగొట్టినవ్ రా!" అని రాజనర్సు ఇంటి దాకా వినపడేలా అరిచాడు. ఓడిపోయినవాడు అంత సంతోషపడటం ముత్యం ఎక్కడా చూడలేదు. "రేపు గూడ గిట్లనే పడాలె. ఒక్కదినం పడుడు ఆట గాదు. రేపు పడితేనే అది నీది."

ఆ మాటే పట్టుకుంది ముత్యాన్ని. రాత్రి కలలో కూడా బంతి వెనక్కి దొర్లుతూనే ఉంది.

తెల్లారి లేచేసరికి ఒళ్లు కాలుతోంది. కీళ్లన్నీ లాగుతున్నాయి. ఎండ వేడి అనుకున్నాడు. డబ్బాలోంచి జ్వరం గోళీ తీసి వేసుకున్నాడు. కొక్కేనికి తగిలించిన చొక్కా తలమీదుగా వేసుకుంటూ ఆగాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా అతని చొక్కాల్లో సాంచా నూనె వాసన ఉంటుంది. ఎంత ఉతికినా పోదు. ఇవాళ లేదు.

"అంగి ఉతికినవా?" అని అడిగాడు.

"యాడ ఉతికిన? మూడు దినాల సంది నీళ్లే సక్కగ ఇడుస్తలేరు" అంది వినోద.

ముత్యం చొక్కాను ముక్కుకు గట్టిగా అదుముకున్నాడు. ఏమీ లేదు. చాయ్ గ్లాసు దగ్గర పెట్టుకున్నాడు. అల్లం లేదు, ఏమీ లేదు. ఆ నెల ఫోన్లలో, టీవీలో, గల్లీ మైకులో అందరూ అదే చెబుతున్నారు కదా, వాసన పోతే అదేనని. ముత్యానికి తెలిసింది. నిజం చెప్పాలంటే, అప్పుడే, ఆ గడపలోనే తెలిసింది.

"యాడికి?" అంది వినోద.

"గిప్పుడే అస్త. ఒక్క గేమ్."

సర్వీసు చేతిలో ఉందో పోయిందో చూసుకోవాలి, అంతే. ఇంట్లో పద్నాలుగు రోజులు పడుకుంటే మణికట్టు మరిచిపోతుందేమోనని భయం. ఒక్క గేమేనని తనకు తానే చెప్పుకున్నాడు.

ఆడింది నాలుగు గేములు. సర్వీసు పడింది. పడుతున్న కొద్దీ ఒళ్లు తెలియలేదు. మూడో గేమ్‌లో బంతి ఉల్లిగడ్డల మూలకు తగిలి పక్కకు ఎగిరి, కుర్చీల కిందకు పోయింది. ముత్యం పరుగెత్తి తీశాడు. ఎర్ర చుక్క బంతి. వేళ్లు అప్పటికే నాలుక మీదకు పోయి వచ్చాయి. ఆ వేళ్లతోనే పట్టుకుని రాజనర్సుకు విసిరాడు. రాజనర్సు ఖాళీ చేత్తో పట్టుకుని, చెమట కారుతున్న ముఖాన్ని అదే చేత్తో తుడుచుకున్నాడు. మాస్కు గడ్డం కిందకు జారి ఉంది. ఆయన నవ్వుతున్నాడు.

ఆట అయ్యాక, నేల మీద దొర్లుతున్న ఆ బంతిని ముత్యం అలవాటుగా తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. గడపలో నర్సవ్వ ఆకులో చుట్టిన సర్వపిండి చేతికిచ్చింది. ఇంటికొచ్చి తింటే మట్టిలా ఉంది.

ఆ మధ్యాహ్నం నుంచి ముత్యం లేవలేదు. టెస్టుకు పోలేదు. పోతే గల్లీ మూస్తారని భయం, షెడ్డుకు రానివ్వరని భయం. వినోదకు కూడా రెండు రోజులు ఒళ్లు నొప్పులు వచ్చి పోయాయి. ఆరో రోజున రాజనర్సుకు జ్వరమని తెలిసింది. ఎనిమిదో రోజున నర్సవ్వను ఆసుపత్రికి తీసుకెళ్లారు. బెడ్డు దొరకడానికే ఒక పగలు పట్టింది. ఆమె తిరిగి రాలేదు. రాజనర్సు మంచం దిగలేని స్థితిలో ఉన్నాడు. భార్యను చివరిసారి ఫోన్లోనే చూశాడు, అది కూడా మూటకట్టిన తర్వాత.

"పోయి చెప్తనే" అన్నాడు ముత్యం.

"చెప్తే ఆమె లేసొస్తదా?" అంది వినోద. ఆ మాట అతనికి చాలా తేలిగ్గా దొరికింది. ఆ మాట చాటున దాక్కున్నాడు.

రాజనర్సు కోలుకుంటున్నప్పుడు ముత్యం రోజూ వెళ్లాడు. నీళ్ల డబ్బాలు మోశాడు. వినోద వండిన అన్నం కలిపి పెట్టాడు. వీపుకు కాపడం పెట్టాడు. గల్లీలో అందరూ, "కన్నకొడుకు గూడ గింత చెయ్యడు" అన్నారు. అన్న ప్రతిసారీ ముత్యం తల దించుకునేవాడు. వినయం అనుకున్నారు.

రాజనర్సు మాత్రం ఒకటే మాట పట్టుకున్నాడు.

"నేనే తెచ్చిన ముత్యం. ఆ దినం కూరగాయల బండి కాడ ఒకడు మస్తు దగ్గిండు. వాని పక్కపొంటే నిలవడ్డ. ఇంటికి తెచ్చి దానికిచ్చిన. గంత జాగ్రత్త చేసిన మనిషికి నేనే తెచ్చిచ్చిన."

ముత్యం ముద్ద కలుపుతూ వింటూ ఉండేవాడు. ఆ కూరగాయల బండివాడు నిజంగా దగ్గాడో లేదో ఎవరికి తెలుసు? దగ్గే ఉంటాడు, ఆ నెల ఎవరు దగ్గలేదు? కావచ్చు, వాడి దగ్గర నుంచే వచ్చి ఉండొచ్చు. ముత్యం ఈ లెక్క వెయ్యిసార్లు వేసుకున్నాడు. ప్రతిసారీ చొక్కా దగ్గరికొచ్చి ఆగిపోయేది. వాసన లేని చొక్కా వేసుకుని తను వెళ్లాడు. అది మాత్రం ఎవరూ మార్చలేరు.

రాజనర్సుకు ఒక్కతే బిడ్డ, భాగ్యలక్ష్మి. సూరత్‌లోనే తాపీ నది అవతల అడాజన్‌లో ఉంటుంది, జాకెట్లు కుడుతుంది. పెద్దకర్మ రోజున తండ్రి ముఖం మీదే అంది: "నీ ఆటనే మా అవ్వను తిన్నది బాపు. ఇంట్ల ఊకె కూసోమని ఎన్నిసార్లు చెప్పిన?" ఆ తర్వాత ఉన్‌లో అడుగు పెట్టలేదు. ఫోన్ చేస్తే మాట్లాడేది, అంతే.

రాజనర్సు తన బ్యాట్ తీసుకొచ్చి ముత్యం ఒడిలో పెట్టాడు. "ఇంక నేను ముట్ట. నువ్వాడుకో." ముత్యం వద్దనలేకపోయాడు. తెచ్చి అటక మీద బట్టల్లో పెట్టాడు. ఎర్ర చుక్క బంతి కూడా అక్కడే ఉంది.

అలా ఏడాది గడిచింది. 2022 మార్చి చివర్లో ఒక పొద్దున, ముత్యం వెళ్లేసరికి రాజనర్సు పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. చారు పొంగి మంట ఆరిపోయింది, ఆయన చూసుకోలేదు.

"భాగ్య ఫోన్ చేసింది" అన్నాడు. "అవ్వ సంవత్సరీకం అడాజన్‌లనే చేస్కుంటదట. నన్ను రావద్దన్నది. నా పక్కన కూసొని పిండం పెట్టిచ్చుడు తనతోని కాదట. తప్పేమున్నది? చంపినోని చేతి నీళ్లు దానికి ముడతయా?"

ముత్యం పొయ్యి మళ్లీ వెలిగించాడు. ఇంటికి వెళ్లాడు, అటక మీద నుంచి బ్యాటూ బంతీ తీశాడు. వినోద చూసింది, అడగలేదు. "తిని పో" అని మాత్రం అంది. తినలేదు.

రాజనర్సును ఏదో సాకు చెప్పి హాలుకు తీసుకొచ్చాడు. తలుపు దగ్గరకు వేశాడు. బల్ల మీద దుమ్ము పట్టి ఉంది. ముత్యం ఆ దుమ్ములో వేలితో గీస్తూ, మెల్లగా చెప్పాడు.

"ఏంది? గట్టిగ చెప్పు" అన్నాడు రాజనర్సు, చెవి ముందుకు పెట్టి.

ఇది ముత్యం అనుకోలేదు. ఏడాదిగా లోపల గుసగుసగా చెప్పుకున్న మాట అది. ఇప్పుడు స్కోరు చెప్పినట్టు అరవాలి.

"ఆ దినం నాకు జరమున్నది కాకా! వాసన పోయింది! నాకెర్కయే అచ్చిన! నీ బంతిని నాలుక తడితోని ముట్టిన! ఎవడో దగ్గినోడు గాదు, నేను! నేనే కావచ్చు!"

బయట ఎవరో నడుస్తున్న చెప్పుల చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

రాజనర్సు బల్ల అంచు పట్టుకుని నిలబడి అడిగాడు. "చుక్క బంతేనా?"

ముత్యం జేబులోంచి తీసి అరచేతిలో పెట్టి చాపాడు. గోళ్ల రంగు కొంచెం పెచ్చులూడింది. రాజనర్సు దాన్ని తీసుకున్నాడు. బొటనవేలితో చుక్కను తడిమాడు. అది పెట్టిన చెయ్యి ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

"జరమొచ్చుడు తప్పు గాదురా" అన్నాడు. "పిచ్చి లేసి ఆటకొచ్చుడు గూడ... నేనైతే రాకపోదునా? ఏమో, నేను గూడ అద్దునేమో. గని ఏడాది! నేను దినాం నెత్తి కొట్టుకుంటుంటే, నువ్వు పక్కన కూసొని బువ్వ కలిపి పెట్టినవ్. నేను చంపిన చంపిన అంటుంటే ఇన్నవ్. ఎట్ల ఇన్నవ్ రా? ఎట్ల మనసొప్పింది?"

ముత్యం కాళ్ల మీద పడబోయాడు. రాజనర్సు వెనక్కి జరిగాడు.

"నా కాళ్లెందుకు? పోయి మా బిడ్డకు చెప్పు. నేను చెప్తే నమ్మది. నెత్తిమీది తప్పు పక్కోని మీదికి తోస్తుండనుకుంటది. నీ నోటితోని చెప్పు."

బంతి జేబులో వేసుకుని, బ్యాట్ బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ రోజే ముత్యం బస్సెక్కి అడాజన్ వెళ్లాడు. తాపీ వంతెన మీద నీళ్లు చూస్తూ, బస్సు ఎంతసేపటికీ చేరకపోతే బాగుండుననుకున్నాడు. భాగ్యలక్ష్మి మెడలో టేపు వేసుకుని తలుపు తీసింది.

"ముత్యమన్నా? బాపుకేమన్న అయిందా?" అంది మొదటి మాటే. తండ్రి మీద ఎంత కోపమున్నా ముందు వచ్చింది ఆ మాటే. ముత్యానికి అది చాలా బరువుగా తగిలింది.

గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాడు. చొక్కా, చాయ్, గోళీ, నాలుగు గేములు, బంతి. ఏదీ మిగల్చలేదు. ఆమె మెడలోని టేపును చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ విన్నది.

"మా అవ్వ నీకు సర్వపిండి వెట్టేది" అంది చివరకు.

"అవు."

"ఆ దినం గూడ వెట్టిందా?"

"వెట్టింది."

ఆమె ముఖం తిప్పుకుంది. లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చింది. "తాగి పో అన్నా. ఎండల అచ్చినవ్. మళ్ల మాత్రం నా ఇంటికి రాకు."

ముత్యం తాగాడు. చెంబు గడప మీద పెట్టి దిగిపోయాడు.

సంవత్సరీకం ఉన్‌లోనే జరిగింది. ముత్యాన్ని పిలవలేదు, అతను ఎదురు చూడలేదు కూడా. పొద్దున గల్లీ మలుపులో నిలబడి చూశాడు. రాజనర్సు ఇంటి ముందు అడాజన్ స్కూటీ ఆగి ఉంది. లోపల నుంచి భాగ్యలక్ష్మి గొంతు వినిపించింది. "బాపు, ఆ గ్లాసు గాదు, ఇత్తడిది తే" అంటోంది. ముత్యం అక్కడి నుంచి షెడ్డుకు వెళ్లి, ఆ రోజు ఒక్కడే రెండు బీములు అతికాడు.

ఆ పొద్దున హాలు బయట ఆగిన చెప్పులు ఎవరివో గానీ, మాట గల్లీ అంతా పాకింది. ముందు పొగిడినవాళ్లే ఇప్పుడు ముఖం తిప్పుకుని పోతున్నారు. ముత్యానికి అది కొంచెం నయంగా ఉంది, పొగడ్త కన్నా.

హాలు తాళంచెవి ఇప్పుడు సంఘం వాళ్ల దగ్గర ఉంది. ముత్యం అడిగి తీసుకుని, రోజూ ఏడింటికి వెళ్లేవాడు. సగం బల్లను గోడలా నిలబెట్టి దానికేసి కొట్టుకునేవాడు. గెలవాలని కాదు. ఎందుకో అతనికే సరిగ్గా తెలియదు. సర్వీసు అప్పుడప్పుడే పడేది. వేలు నాలుక దాకా పోయినప్పుడల్లా, ఆ సర్వీసు వేయకుండా బంతి కింద పెట్టేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. కొన్ని రోజులు వరసగా ముప్పై సార్లు కింద పెట్టాల్సి వచ్చేది.

మే నెలలో ఒక పొద్దున తలుపు తెరుచుకుంది. రాజనర్సు. ఒళ్లు తగ్గిపోయింది, ఊపిరి ఇంకా బరువుగానే తీస్తున్నాడు. నిలబెట్టిన సగం బల్లను దించమని చేత్తో సైగ చేశాడు. ముత్యం దించాడు. నెట్టు కట్టాడు. పాత బ్యాట్‌ను తుడిచి బల్ల మీద ఆయన వైపు జరిపాడు. రాజనర్సు తీసుకుని, వేళ్లు సర్దుకున్నాడు.

"నీతోని మాట్లాడుడు లేదు" అన్నాడు. "మా భాగ్య గూడ మాట్లాడొద్దన్నది. సర్వీస్ ఎయ్యి."

ముత్యం అరచెయ్యి తెరిచాడు. చుక్క లేని కొత్త బంతి అందులో పెట్టాడు. ఆ చెయ్యి బంతితో సహా పెదవుల దాకా వెళ్లి ఆగింది. అతను బంతిని బల్ల మీద పెట్టేశాడు. చొక్కాకు రెండు వేళ్లూ తుడుచుకున్నాడు. చొక్కాలో నూనె వాసన, ఎప్పటిలాగే. మళ్లీ అరచెయ్యి తెరిచాడు. అవతల రాజనర్సు తొందరపెట్టలేదు, మోకాళ్లు వంచి నిలబడి, ముత్యం బ్యాట్ వైపే చూస్తున్నాడు.

సర్వీసు ఉల్లిగడ్డల మూలకు తగిలి కుర్చీల్లోకి పోయింది.

రాజనర్సు కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"మళ్ల" అన్నాడు.